గూగుల్‌లో పాత తేదీయే ఎందుకు ముందొస్తుంది?

తెలంగాణ గ్రూప్-2కి 783 పోస్టులతో 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. తర్వాత నవంబరు 2, 3 అన్నారు. అసెంబ్లీ ఎన్నికలు అడ్డం రావడంతో 2024 జనవరి 6, 7కు జరిపారు. అప్పుడూ కాలేదు. ఆగస్టు 7, 8 అన్నారు. చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఒక్క పరీక్ష, 5 తేదీలు, 4 వాయిదాలు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 5.5 లక్షల మందికి పైమాటే.

ఇదే లెక్కను ఉద్యోగ సమాచారం ఇచ్చే ఒక వెబ్‌సైట్ వైపు నుంచి వేసి చూడండి. తేదీ ప్రకటించినప్పుడల్లా ఒక పేజీ, వాయిదా పడినప్పుడల్లా ఒక పేజీ రాసినా మొత్తం 9 పేజీలు. హాల్‌టికెట్, సిలబస్, పరీక్ష కేంద్రాల పేజీలను ఇందులో కలపనే లేదు. ‘గ్రూప్ 2 ఎగ్జామ్ డేట్’ అని ఫోన్లో కొట్టిన అభ్యర్థికి ఈ తొమ్మిదిలో అక్కరకొచ్చేది ఒకటే. మిగతా 8 కూడా అవే మాటలతో, దాదాపు అదే శీర్షికతో గూగుల్ ముందు వరసగా నిలబడి ఉంటాయి. ఏది పైకి రావాలో సైట్ నడిపేవాళ్లు తేల్చి చెప్పకపోతే గూగుల్ తనకు తోచినదాన్ని ముందుకు తోస్తుంది. అది పాత పేజీ అయ్యే అవకాశమే ఎక్కువ.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఉండేవాళ్లకు ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, గల్లీలోని స్టడీ హాల్లోనో పొద్దంతా కూర్చునే పిల్లలు తేదీని బట్టే బతుకును సర్దుకుంటారు. హాస్టల్ గది ఇంకో నెల ఉంచుకోవాలా, ఇంటికి ఫోన్ చేసి ఇంకెంత డబ్బు అడగాలి, మొదట ఏ పేపర్ రివిజన్ చేయాలి అన్నీ దాని మీదే ఆధారపడతాయి. 2024లో డీఎస్సీ పరీక్షలు జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు పెట్టారు. గ్రూప్-2 ఆగస్టు 7న మొదలు. రెండూ రాసేవాళ్లకు మధ్యలో మిగిలింది ఒక్క రోజు. ఆ జులైలో అభ్యర్థులు వాయిదా కోరుతూ ఈ రోడ్ల మీదికే వచ్చారు. పరీక్షకు మూడు వారాలు కూడా లేవనగా వాయిదా ప్రకటన వెలువడింది. అలాంటి రోజుల్లో వెతికితే దొరికే మొదటి పేజీలో పాత తేదీ ఉండటం చిన్న తప్పు కాదు.

మొదటి పేజీ దాటితే ఎవరూ చూడరు

గూగుల్‌కు ఏడాదికి 5 లక్షల కోట్లకు పైగా శోధనలు వస్తాయని ఆ సంస్థే 2025లో చెప్పింది. ఆ శోధనల్లో జనం ఎక్కడ నొక్కుతారన్నదానిపై బ్యాక్‌లింకో సంస్థ 40 లక్షల ఫలితాలను పరిశీలించింది. మొదటి స్థానంలో ఉన్న లింకును సగటున 27.6 శాతం మంది నొక్కుతున్నారు. పదో స్థానానికి దక్కేది అందులో పదో వంతు. రెండో పేజీకి వెళ్లి అక్కడ ఏదైనా నొక్కినవాళ్లు 0.63 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు. అహ్రెఫ్స్ అనే మరో సంస్థ 1,400 కోట్ల పేజీలను లెక్కగట్టి, వాటిలో 96.55 శాతం పేజీలకు గూగుల్ నుంచి ఒక్క సందర్శకుడూ రావడం లేదని తేల్చింది.

ఈ అంకెలు చూపించి ‘మీ సైట్‌ను పైకి తెస్తాం’ అని చెప్పేవాళ్లు హైదరాబాద్‌లో కొల్లలుగా ఉన్నారు. సైట్ పైకి రావడం సగం పనే. పాత పేజీ మొదటి స్థానంలో ఉంటే ఆ 27.6 శాతం మంది తప్పుడు తేదీ చదివి వెళ్తారు. ర్యాంకు ఎంత మంచిదైతే నష్టం అంత ఎక్కువమందికి. నా దృష్టిలో మూడో స్థానంలో ఉన్న సరైన పేజీ మొదటి స్థానంలో ఉన్న పాత పేజీ కన్నా వెయ్యి రెట్లు మేలు.

మరి పాత పేజీకి అంత బలం ఎక్కడిది? లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ మొదలుపెట్టినప్పుడు వారి పద్ధతికి మూలం లింకులే. ఒక పేజీకి ఎన్ని ఇతర పేజీలు దారి చూపుతున్నాయి, ఆ చూపేవి ఎంత విలువైనవి అన్నది లెక్క. తర్వాత వందల అంశాలు వచ్చి చేరినా లింకుల విలువ పూర్తిగా పోలేదు. 2023 ఆగస్టు తేదీతో వేసిన పేజీకి ఏడాది పాటు ఇతర సైట్లు లింకులు ఇచ్చాయి, యూట్యూబ్ వీడియోల కింద దాని చిరునామా పెట్టారు, జనం అదే పేజీని పదేపదే నొక్కారు. నిన్న పుట్టిన కొత్త పేజీకి అవేవీ లేవు. పైగా గూగుల్ దాన్ని చూసి తన జాబితాలో చేర్చుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టొచ్చు. తరచుగా వార్తలు వేసే పెద్ద సైట్లకు గంటల్లోనే అయిపోతుంది, చిన్న కోచింగ్ సెంటర్ సైట్‌కు ఆ భాగ్యం ఉండదు.

అశోక్‌నగర్ గోడల మీద కొత్త బ్యాచ్ పోస్టర్ అంటిస్తే కిందున్న పాతది కనపడకుండా పోతుంది. వెబ్‌లో అలా జరగదు. పాతది తన చోట తాను అలాగే ఉంటుంది, కొత్తది దాని పక్కన ఇంకో గోడ వెతుక్కుంటుంది.

సగటు చూసి మోసపోవద్దు

సైట్ ఉన్నవాళ్లందరికీ గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కానీ చూడాల్సిన చోట చూడాలి. అర్థం కావడానికి ఒక ఊహాజనిత కోచింగ్ సెంటర్ సైట్‌ను తీసుకుందాం. ‘గ్రూప్ 2 ఎగ్జామ్ డేట్’ అన్న శోధనకు దాని పాత పేజీ 3వ స్థానంలో, కొత్త పేజీ 14వ స్థానంలో ఉన్నాయనుకోండి. పర్ఫార్మెన్స్ నివేదికలో ఆ శోధన ఎదురుగా సగటు స్థానం 3 అని చూపిస్తుంది. ఒకే సైట్ నుంచి రెండు పేజీలు వస్తే పైనున్నదాన్నే అక్కడ లెక్కిస్తారు. యజమాని ఆ 3 చూసి తృప్తి పడతాడు.

అదే శోధన మీద నొక్కి, పక్కనే ఉన్న ‘పేజెస్’ అన్న ట్యాబ్‌కు మారండి. అప్పుడు ఏ పేజీది దానికే లెక్క వస్తుంది. రెండు వరసలు కనపడతాయి: పాత చిరునామా 3, కొత్త చిరునామా 14. మొదటి పేజీ ఫలితాలు పదింటితో అయిపోతే, మనం చూపించాలనుకున్న పేజీ రెండో పేజీలో ఉంది. అంటే ఆ 0.63 శాతం దగ్గర. దీన్ని ఈ రంగంలో ఉన్నవాళ్లు కీవర్డ్ కానిబలైజేషన్ అంటారు. సొంత పేజీలే ఒకదానికొకటి అడ్డుపడటం.

సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారం మాత్రమే ఉంచుతుంది. గ్రూప్-2 మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య పదిహేనున్నర నెలలు. 2024 డిసెంబరులో చూసుకున్నవాళ్లకు కథ మొత్తం ఒకే గ్రాఫ్‌లో కనిపించి ఉండాలి, ప్రతి వాయిదా ఒక శిఖరంలా. ఇలాంటి సమాచారాన్ని ఎప్పటికప్పుడు దింపుకుని దాచుకోవడం మంచిది, తర్వాత కావాలన్నా దొరకదు.

ఒక పరీక్షకు ఒక చిరునామా

ఇక చేయాల్సింది. గ్రూప్-2 తేదీకి ఒకే పేజీ, ఒకే చిరునామా ఉండాలి. చిరునామాలో సంవత్సరం, నెల పెట్టకూడదు. తేదీ మారినప్పుడు కొత్త పేజీ వేయకుండా ఉన్న పేజీలోనే పైన కొత్త తేదీ రాసి, కింద పాత తేదీల పట్టిక ఇవ్వాలి. ఐదు తేదీలూ ఒకేచోట ఉంటాయి, వచ్చిన లింకుల బలమంతా ఒకే పేజీకి చేరుతుంది. ‘చివరిగా మార్చినది’ అని పేజీలో కనపడేలా తేదీ వేయాలి. ఏమీ మార్చకుండా ఆ తేదీ మాత్రం ముందుకు జరపడం కొందరికి అలవాటు. గూగుల్ దాన్ని వద్దని స్పష్టంగా చెప్పింది, చదివేవాళ్లకూ అది మోసమే.

ఇప్పటికే 9 పేజీలు వేసి ఉంటే? చాలామంది చేసే పని పాతవాటిని డిలీట్ చేయడం. అలా చేస్తే ఆ పేజీలకు వచ్చిన లింకులన్నీ గాలికి పోతాయి, పాత వాట్సాప్ గ్రూపులో లింకు నొక్కినవాడికి ఖాళీ పేజీ ఎదురవుతుంది. సరైన దారి 301 రీడైరెక్ట్. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్త చిరునామాకు శాశ్వతంగా మళ్లించే సంకేతం అది. 302 అంటే తాత్కాలికం, ఇక్కడ పనికిరాదు. ఈ మళ్లింపును కనీసం ఏడాది పాటు ఉంచమని గూగుల్ సలహా. వీలైతే తీసేయనే వద్దు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

రెండు పేజీలూ ఉండి తీరాల్సిన సందర్భాలకు కెనానికల్ అనే ట్యాగ్ ఉంది. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009 ఫిబ్రవరిలో తెచ్చాయి. ‘ఈ రెంటిలో అసలుది ఇది’ అని చెప్పే గుర్తు. అయితే గూగుల్ దాన్ని సూచనగానే తీసుకుంటుంది, ఆజ్ఞగా కాదు. మిగతా సంకేతాలు ఎదురు తిరిగితే పక్కన పెట్టేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఎదురు తిరిగేది సైట్ సొంత మెనూ. కెనానికల్‌లో కొత్త పేజీ పేరు రాసి, హోమ్ పేజీలో ‘గ్రూప్-2’ బటన్ మాత్రం 2023 నాటి పేజీకే ఉంచితే గూగుల్ ఎవరి మాట వినాలి?

ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. పాత పేజీని జాబితాలోంచి తీసేయమని నోఇండెక్స్ ట్యాగ్ పెడతారు, అది చాలదేమోనని రోబోట్స్ ఫైల్లో ఆ పేజీని చూడవద్దని కూడా రాస్తారు. పేజీ లోపలికి రానివ్వకపోతే లోపల పెట్టిన ట్యాగ్ గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? పాత పేజీ అలాగే జాబితాలో ఉండిపోవచ్చు. నోఇండెక్స్ పెట్టినప్పుడు తలుపు తెరిచే ఉంచాలి.

శీర్షికల సంగతి. గూగుల్ 2021లో చెప్పిన లెక్క ప్రకారం 87 శాతం సందర్భాల్లో పేజీ యజమాని రాసిన శీర్షికనే ఫలితాల్లో వాడుతుంది. అంటే జనానికి కనపడేది చాలావరకు మనం రాసిందే. అలాంటప్పుడు ఉన్న పేజీలన్నిటికీ ‘గ్రూప్-2 లేటెస్ట్ అప్‌డేట్’ అని పెడితే ఏది ఎప్పటిదో ఎవరికి తెలుస్తుంది? తేదీయే శీర్షికలో రాయండి. సైట్ లోపల లింకులిచ్చేటప్పుడు ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని రాయడం మన తెలుగు ఉద్యోగ సైట్లకు పట్టిన పెద్ద జబ్బు. లింకు మీదున్న మాటలను బట్టి అవతలి పేజీ దేని గురించో గూగుల్ ఊహిస్తుంది. ఒకే పేజీలో పదిసార్లు ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అంటే పదిసార్లు ఏమీ చెప్పనట్టే.

ఒకే చిరునామా అన్న సూత్రం అన్నిటికీ వర్తించదు. గ్రూప్-1 చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెడితే ఆ పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే ఉపసంహరించి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న ప్రిలిమ్స్ జరిగింది. ఇవి రెండు వేర్వేరు నోటిఫికేషన్లు. పాతదానికి దరఖాస్తు పెట్టినవాళ్లు మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి రెండింటినీ ఒకే పేజీలో కలిపేస్తే అయోమయం. ఇక్కడ పాత పేజీ ఉండాలి, దాని మొదటి వాక్యమే ‘ఈ నోటిఫికేషన్ రద్దయింది’ అని ఉండాలి, వెంటనే కొత్తదానికి లింకు ఉండాలి. 2023 జూన్, 2024 జూన్ రెండు ప్రిలిమ్స్‌లకూ కీలు ఉన్నాయి. ‘గ్రూప్-1 జూన్ కీ’ అని వెతికినవాడికి ఏ ఏడాదిదో శీర్షికలోనే తెలియాలి.

పేరు మారితే, ఫైల్ దారి తప్పితే

ఈ గ్రూప్ పరీక్షలు పెట్టే సంస్థ పేరే మారింది: 2014లో ఏర్పడిన టీఎస్‌పీఎస్సీ 2024లో టీజీపీఎస్సీ అయింది. ఆ ఏడాది మార్చిలో వాహనాల రిజిస్ట్రేషన్‌కు కేంద్రం టీజీ అక్షరాలు ఖరారు చేశాక రాష్ట్ర సంస్థల పేర్లూ మారాయి. టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది. పదేళ్లుగా వేళ్లకు అలవాటైన పేరు ఒక్క ఉత్తర్వుతో పోదు. వెతికేవాళ్లు ఇప్పటికీ పాత అక్షరాలు కొడతారు. కోచింగ్ సెంటర్లు, పుస్తకాలు అమ్మేవాళ్లు తమ పేజీల్లో పాత పేరు మొత్తం చెరిపేస్తే పాత పేరుతో వెతికేవాళ్లకు దూరమవుతారు. కొత్త పేరు ముందు రాసి, ‘పూర్వపు టీఎస్‌పీఎస్సీ’ అని ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

పీడీఎఫ్‌లది ఇంకో గొడవ. ప్రకటనలు, సిలబస్‌లు, కీలు అన్నీ పీడీఎఫ్‌లే. గూగుల్ 2001 నుంచే పీడీఎఫ్‌లను చదువుతోంది. అందువల్ల పేజీ పైకి రావాల్సిన చోట దానికి జతచేసిన ఫైలే పైకొస్తుంది. అభ్యర్థి నేరుగా ఫైల్లోకి దిగుతాడు. అందులో మెనూ ఉండదు, వెనక్కి దారి ఉండదు, తర్వాత తేదీ మారిందన్న సమాచారం అంతకన్నా ఉండదు. ఫైల్లో ట్యాగ్ పెట్టలేం కాబట్టి సర్వర్ ఆ ఫైల్‌ను పంపేటప్పుడే హెడర్‌లో నోఇండెక్స్ గానీ, అసలు పేజీ చిరునామా చూపే కెనానికల్ గానీ పంపేలా చేయాలి. సైట్ చూసే కుర్రాడికి ఇది గంట పని. అది కుదరకపోతే ఫైల్ మొదటి పేజీ పైభాగాన తాజా సమాచారం దొరికే చిరునామా అయినా అచ్చు వేయాలి.

తెలుగు ఫైళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కష్టం కూడా ఉంది, గూగుల్‌కు అసలు కనపడకపోవడం. చాలా డీటీపీ సెంటర్లలో స్టడీ మెటీరియల్ ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కంపోజ్ అయింది. కాగితం మీద అది అందమైన తెలుగు. కంప్యూటర్ లోపల మాత్రం రోమన్ అక్షరాలు, గుర్తుల గజిబిజి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 128 స్థానాలు 1991లోనే కేటాయించారు, పాత ఫాంట్లు ఆ స్థానాలను వాడవు. ఆ నోట్సులో ‘కాకతీయులు’ అన్న మాట వందసార్లు ఉన్నా, ఆ మాటతో వెతికితే ఆ ఫైల్ దొరకదు. మీ ఫైల్ ఎలాంటిదో తెలుసుకోవడం సులువు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే గూగుల్‌కూ తెలుగే కనపడుతుంది. పిచ్చిగీతలు వస్తే గూగుల్‌కు కనపడేదీ అవే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, సున్నాలు మనిషి కళ్లతో సరిచూడాలి.

చిరునామాను తెలుగులో పెట్టాలా అన్నది చాలామంది అడిగేది. గూగుల్‌కు అభ్యంతరం లేదు. లెక్క మాత్రం చూడండి: ‘గ్రూప్’ అన్న మాటలో యూనికోడ్ గుర్తులు 6. ఒక్కో గుర్తుకు 3 బైట్లు, మొత్తం 18. చిరునామాను కాపీ చేసి ఎక్కడైనా అతికించినప్పుడు ఒక్కో బైటు 3 అక్షరాలుగా విడిపోతుంది, మొత్తం 54. ఒక చిన్న మాటకే ఇంత తోక అయితే నాలుగు మాటల చిరునామాను వాట్సాప్‌లో చూసినవాడు వైరస్ లింకు అనుకుంటాడు. లోపల విషయం తెలుగులో, చిరునామా పొట్టిగా రోమన్ లిపిలో ఉండటమే నాకు నచ్చిన పద్ధతి.

హాస్టళ్లు, స్టడీ హాళ్లు నడిపేవాళ్లకు ఒక మాట. అశోక్‌నగర్ పేరుతో చెన్నైలో ఒకటుంది, రాంచీలో ఒకటుంది, మధ్యప్రదేశ్‌లో ఏకంగా జిల్లాయే ఉంది. పేజీలో హైదరాబాద్ అనీ, పిన్‌కోడ్ 500020 అనీ లేకపోతే గూగుల్ ఏ అశోక్‌నగర్ అనుకోవాలి? చిక్కడపల్లిదీ అదే పిన్‌కోడ్, నారాయణగూడది 500029. స్థానిక ఫలితాలను గూగుల్ మూడింటిని బట్టి తేలుస్తుంది: వెతికినదానికి సంబంధం, దూరం, పేరుప్రతిష్ఠలు. దూరాన్ని మనం మార్చలేం. మూడు పేటల్లోనూ బ్రాంచీలు ఉంటే మూడు పేజీలు, ఒక్కోదానికి దాని చిరునామా, దాని ఫొటోలు, దాని ఫీజు. పేరు మాత్రమే మార్చి అదే పాఠం మూడుచోట్ల అతికిస్తే మళ్లీ మొదటి సమస్యకే వస్తాం. మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

పేజీ వేగానికీ గూగుల్ గీతలు గీసింది. ప్రధాన విషయం 2.5 సెకన్లలో కనపడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి. వీటికోసం వేలు పోసేముందు పేజీ పైభాగంలో తేదీని కిందికి నెట్టేస్తున్న ప్రకటనలను తీసేయండి. హాస్టల్లో నెట్ అంతంతమాత్రంగా వచ్చే ఫోన్లో అదే పెద్ద మేలు.

గ్రూప్-2 జనరల్ ర్యాంకింగ్ లిస్టు 2025 మార్చి 11న వచ్చింది. పరీక్ష తేదీ పేజీకి ఇక పని లేదని అనిపిస్తుంది కానీ, దాన్ని అలాగే ఉంచాలి. 2022 నోటిఫికేషన్ వివరాలన్నీ ‘పాత నోటిఫికేషన్లు’ అన్న వేరే పేజీకి మార్చి, దానికి ఇక్కడి నుంచి లింకు ఇవ్వాలి. ఈ చిరునామాలో ‘కొత్త నోటిఫికేషన్ ఇంకా రాలేదు’ అన్న ఒక్క వాక్యం, దాని పక్కన చూసిన తేదీ ఉంటే చాలు. మళ్లీ గ్రూప్-2 ప్రకటన వచ్చిన రోజు పోస్టుల సంఖ్య, దరఖాస్తు గడువు, పరీక్ష తేదీ ఈ పేజీలోనే ఎక్కించి, సెర్చ్ కన్సోల్‌లో ఆ చిరునామా ఇచ్చి మళ్లీ చదవమని గూగుల్‌ను అడగాలి.